కానుగ పంట అవుతుందా?

రొళ్ల మండలం మడకశిర ప్రాంతపు కొసన, కర్ణాటకలోకి చొచ్చుకుపోయినట్టు ఉంటుంది. అటు శిర, మధుగిరి. ఇటు మడకశిర, హిందూపురం. వేరుశనగ, రాగి, చింత, మల్బరీ, బోరులో నీళ్లున్న చోట వక్క, ఇక్కడ రైతు చేతికి డబ్బు తెచ్చేవి ఇవే. గెనిమల మీద, బావిగడ్డల మీద, వంకల వెంబడి ఏళ్లకేళ్లుగా నిలబడి ఉన్న కానుగ మాత్రం ఈ లెక్కలోకి ఎప్పుడూ రాలేదు. కన్నడం మాట్లాడే ఇళ్లలో హొంగె అని పిలుచుకునే ఈ చెట్టు నీడకు, ఎరువుకు, పళ్లు తోముకునే పుల్లకు పనికొచ్చేదిగానే మిగిలింది.

దాన్ని నూనెగింజల పంటగా మార్చాలన్న ఆలోచన ఇరవయ్యేళ్లకు పైగా నలుగుతోంది. ఒకరు డీజిల్ కోసం అడుగుతారు, ఒకరు బీడు భూములకు దారి అంటారు, ఇంకొకరు పిండి ఎరువు చాలంటారు. ఈ మధ్య వంటనూనె అనేవాళ్లూ వచ్చారు. అందరూ ఒకే చెట్టు పేరు చెబుతున్నా వాదిస్తున్నది వేర్వేరు సంగతుల మీద. ఎవరి మాటలో ఎంత బలముందో విడదీసి చూడక తప్పని దశకు ఈ వాదన వచ్చింది.

చెట్టు తీరు

కానుగ చిక్కుడు కుటుంబానికి చెందిన బహువార్షిక వృక్షం. వేళ్ల బొడిపెల్లో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. వేసవి మొదట్లో ఆకు రాల్చి, వెంటనే లేత చిగురు తొడిగి, ఊదా కలిసిన తెల్లటి పూలు పూస్తుంది. పూసిన తర్వాత కాయ ముదరడానికి పది నెలలకు తక్కువ పట్టదు. అందుకే కొత్త పూత వచ్చేవేళకు కూడా పాత కాయ కొమ్మమీదే ఉంటుంది. కాయలో సాధారణంగా ఒకటే గింజ, అరుదుగా రెండు. గింజలో నూనె 30 నుంచి 40 శాతం.

పంటగా మలచాలనుకునేవారికి ఇందులో ఒక వరముంది, ఒక చిక్కూ ఉంది. కానుగ కాయ ఎండినా పగలదు. ఆముదంలా చిట్లి గింజ చేలో రాలిపోయే బెడద లేదు. కానీ అదే కారణంగా ప్రతి కాయనూ కర్రతో కొట్టో, రాయితో చితక్కొట్టో గింజ తీయాలి. చాలా అడవి మొక్కల్లో గింజ రాలిపోవడమే మనిషికి మొదటి శత్రువు. కానుగలో ఆ శత్రువు లేడు, ఆ స్థానంలో కూలి ఖర్చు కూర్చుంది.

రెండో చిక్కు ఇంతకన్నా పెద్దది. కానుగ పరపరాగ సంపర్కంతో గింజ కడుతుంది. మంచి చెట్టు కింద ఏరిన గింజ నాటితే మంచి చెట్టే వస్తుందన్న భరోసా లేదు. చెట్టుకు 9 కిలోల నుంచి 90 కిలోల దాకా గింజ వస్తుందని పుస్తకాల్లో కనిపించే అంకె వెనకున్నది ఇదే. అయిదు మీటర్ల ఎడంతో నాటితే ఎకరాకు 160 చెట్లు. పై అంకెల్లో ఒక కొసన లెక్కేస్తే ఎకరాకు టన్నున్నర, ఇంకో కొసన లెక్కేస్తే పద్నాలుగు టన్నులు. ఇంత తేడా ఉన్నదాన్ని దిగుబడి అంచనా అనడానికి వీల్లేదు. పైగా ఒక ఏడు విరగకాసిన చెట్టు మరుసటి ఏడు చేతులెత్తేయడం మామూలే.

జట్రోఫా కాలం

కానుగ చర్చ నిజానికి జట్రోఫాతో మొదలైంది. కేంద్ర ప్రణాళికా సంఘం నియమించిన జీవ ఇంధన కమిటీ 2003లో, డీజిల్‌లో 20 శాతం దాకా చెట్ల నూనె కలపవచ్చని, అందుకు కోటి హెక్టార్లకు పైగా భూమిలో జట్రోఫా వేయాలని చెప్పింది. 2005 అక్టోబరులో బయోడీజిల్ కొనుగోలు విధానం ప్రకటించారు. లీటరుకు 25 రూపాయలు, 2006 జనవరి నుంచి అమలు. 2009 జాతీయ జీవ ఇంధన విధానం 2017 నాటికి 20 శాతం అని మళ్లీ రాసుకుంది. 2018 విధానం ఆ ఆశను తగ్గించుకుని 2030కి 5 శాతం దగ్గర ఆగింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మేఘమథనం చూసిన వర్షాభావ ప్రాంతాల అభివృద్ధి శాఖకే ఈ మొక్కల పనీ వచ్చింది. అప్పట్లో రొళ్లను కలుపుకుని ఉన్న అనంతపురం జిల్లా సహజంగానే ముందు వరసలో నిలిచింది. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన, ఒకప్పుడు దేశంలోనే ఏ జిల్లాలోనూ లేనంత విస్తీర్ణంలో వేరుశనగ, దానితోపాటు పదే పదే కరువు. వానను నమ్ముకోని పంట అన్న మాట ఇక్కడ ఎవరికైనా చెవికెక్కుతుంది.

జట్రోఫా విఫలమైంది. ఎందుకన్నది స్పష్టంగా చెప్పుకోవాలి. ఈ మొక్క పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. పోర్చుగీసువారి ద్వారా పాత ప్రపంచానికి చేరిన కొద్దిపాటి విత్తనం నుంచే మన దేశంలోని కంచె మొక్కలన్నీ వచ్చాయి. జన్యు వైవిధ్యం బహు తక్కువ కాబట్టి ఇక్కడే ఏరి బాగుచేద్దామంటే ఏరడానికే ఏమీ లేకపోయింది. ఒక్కో గుత్తిలో ఆడపూలు చాలా కొద్ది, మగపూలు వాటికి ఇరవై రెట్లకు పైన. కాయలన్నీ ఒకసారి పండవు, మళ్లీ మళ్లీ కోతకు వెళ్లాలి. బీడులో నీరు, ఎరువు లేకుండా బతకడం వేరు, అక్కడ కాపు కాయడం వేరు. ఈ తేడాను నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ పరిశోధకులు 2007లోనే వివరంగా రాశారు. అప్పటికే మొక్కలు లక్షల్లో నాటేశారు. బ్రిటన్‌లో డీ1 ఆయిల్స్ అనే కంపెనీతో కలిసి 2007లో జట్రోఫాలోకి దిగిన చమురు సంస్థ బీపీ 2009లో వెనక్కి తగ్గింది. తమిళనాడు రైతుల మీద 2010లో వెలువడిన ఒక అధ్యయనం, ఊరించిన దిగుబడికి వచ్చినదానికి పొంతన లేదని, బీడని పేరు పెట్టిన చోట్ల అప్పటిదాకా మేత, వంటచెరకు, తిండిపంట ఉండేవని తేల్చింది.

మన రాష్ట్రంలో కొద్ది ఏళ్లకే జట్రోఫా నుంచి కానుగ వైపు మొగ్గు మారింది. చెట్టు మనదే, వైవిధ్యం మన గట్ల మీదే ఉంది, పశువులు తేలిగ్గా ముట్టవు, నేలకు నత్రజనిని ఇస్తుంది. ఈ మార్పు సరైనదే. కానీ మొక్క మారినా పద్ధతి మారలేదు. ఏ చెట్టు గింజో తెలియని నారు పెంచి, గుంతలు తవ్వి నాటడమే మళ్లీ కార్యక్రమం అయింది.

లీటరు నూనె లెక్క

ఈ వాదనలో ఎక్కువగా దాటవేసే భాగం ధర. ఊరి ఎక్స్‌పెల్లర్‌లో లీటరు నూనె రావాలంటే సుమారు నాలుగు కిలోల గింజ ఆడించాలి. 2006లో బయోడీజిల్‌కు కట్టిన 25 రూపాయల్లో రవాణా, ఆడింపు, శుద్ధి ఖర్చులు ఒక్క పైసా లేవనుకున్నా కిలో గింజకు దక్కేది ఆరుంపావు. ఆ ఏడు ఉపాధి హామీ కూలి 80 రూపాయలు. అంటే కాయ కోసి, ఎండబెట్టి, చితక్కొట్టి, రోజుకు దాదాపు 13 కిలోల శుభ్రమైన గింజ తీస్తేనే ఒక కూలి గిట్టేది. అదీ చెట్టు యజమానికి ఏమీ మిగలకుండా.

ఇప్పుడు డీజిల్ లీటరు 95 రూపాయలు దాటింది, ఇందులో పన్నులూ ఉన్నాయి. ఆ మొత్తమూ గింజకే ఇచ్చినా కిలోకు 24. 2024-25లో రాష్ట్రంలో ఉపాధి కూలి 300. మళ్లీ పన్నెండున్నర కిలోలే. ఇరవయ్యేళ్లలో ధరలూ కూలీ నాలుగింతలైనా గింజకూ కూలికీ మధ్య ఉన్న దూరం కదల్లేదు. నూనె ధర పెరిగితే కానుగ దానంతట అదే గిట్టుబాటవుతుందనే మాటకు ఇది గట్టి సమాధానం. కూలిభారం తగ్గాలి, లేదా చెట్టు కాపు పెరగాలి, లేదా నూనె కాక మిగిలే మూడు కిలోల పిండికి మంచి ధర దొరకాలి.

పిండి సంగతి తక్కువది కాదు. కానుగ పిండిలో నత్రజని నాలుగు శాతం దాకా ఉంటుంది. అందులోని కరంజిన్ అనే పదార్థం నేలలో నత్రజని త్వరగా నైట్రేటుగా మారకుండా ఆపుతుంది, కొన్ని పురుగులనూ అదుపులో పెడుతుంది. 2015లో దేశంలో తయారయ్యే యూరియా మొత్తానికి వేపనూనె పూత తప్పనిసరి చేసినప్పుడు వేపగింజకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. ఒక్క ప్రభుత్వ నిర్ణయం అడవి చెట్టు గింజకు మార్కెట్ పుట్టించగలదనడానికి అది నిదర్శనం. కానుగకు అలాంటి నిర్ణయం రాలేదు.

ఎవరి వాదం ఏమిటి

ఇంధన వాదులది మొదటి గొంతు. ముడిచమురు దిగుమతి తగ్గాలి, బీడు పచ్చబడాలి, పేదకు పని దొరకాలి, ఈ మూడూ ఒకే చెట్టుతో జరుగుతాయన్నది వారి నమ్మకం. 2018 ఆగస్టులో డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి స్పైస్‌జెట్ విమానం జట్రోఫా నూనె కలిపిన ఇంధనంతో ఎగిరింది. ఆ ఇంధనాన్ని భారతీయ పెట్రోలియం సంస్థ తయారు చేసింది. దాంతో ఈ వాదానికి విమాన ఇంధనం రూపంలో కొత్త ఊపిరి వచ్చింది. నూనె ఇంధనమవుతుందన్న దానిలో అనుమానం లేదు. గింజ ఎక్కడినుంచి వస్తుందన్నదే వారు ఇప్పటికీ తేల్చలేదు.

రెండోది ఊరి వాదం. కానుగను పంట చేయాల్సిన పని లేదు, ఉన్న చెట్టును ఊరే వాడుకోవాలంటారు. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఉడుపి శ్రీనివాస హొంగె నూనెను శుద్ధి చేయకుండానే డీజిల్ ఇంజన్లలో నడిపి చూపారు. దండేలిలోని ఒక ఫెర్రోఅల్లాయ్ కర్మాగారం తన జనరేటర్లను ఆ నూనెతో నడిపింది. ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ ఆదివాసీ మహిళలు కానుగ నూనె తీసే యంత్రం పెట్టుకుని, డీజిల్ బదులు ఆ నూనె వాడితే తగ్గే 147 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు 2003లో ప్రపంచ బ్యాంకు నుంచి 645 డాలర్లు అందుకున్నారు. వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వారికి తోడు నిలిచింది. కర్ణాటకలో హాసన్ దగ్గర మడెనూరులో బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం నడిపిన జీవ ఇంధన క్షేత్రం కూడా చెట్లను చేను నిండా వేయకుండా గట్ల మీదికే నడిపించింది. ఈ వాదం బలమంతా దాని పరిమితిలోనే ఉంది. ఊరికి సరిపోతుంది, నగరానికి సరిపోదు. చెప్పుకోదగ్గ సంగతేమంటే, ఈ దారిలో వెళ్లినవారెవరూ రైతును అప్పుల్లోకి దించలేదు.

మూడోది విమర్శకులది. బీడు అనేది రెవెన్యూ రికార్డుల్లోని మాట, నేల మీద అది గొర్రెల మేత. మడకశిర, రొళ్ల పల్లెల్లో కురుబల మందలకు మిట్టలు, గుట్టలు, పరంపోకులే ఆధారం. పశువు ముట్టని చెట్టు నర్సరీవారికి ఎంత సుఖమో మందలవారికి అంత నష్టం. నీళ్ల మీద కూడా పేచీ ఉంది. లీటరు జట్రోఫా డీజిల్‌కు 20,000 లీటర్ల దాకా నీరు ఖర్చవుతుందని 2009లో డచ్ పరిశోధకులు లెక్కగట్టారు. కొద్ది చోట్ల సమాచారంతో అంత పెద్ద అంకె చెప్పడం తగదని మరికొందరు శాస్త్రజ్ఞులు ఎదురు రాశారు. ఆ వాదం తెగలేదు. మేత సంగతిలో మాత్రం విమర్శకులే సరి అన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

నాలుగోది ప్రజనన శాస్త్రజ్ఞుల వాదం, అందరికన్నా తక్కువ వినపడింది. మొక్కను ముందు పంటగా మలచండి, ఆ తర్వాత పొలానికి పంపండి అన్నారు వీరు. 2004 ప్రాంతంలో జాతీయ నూనెగింజల బోర్డు జట్రోఫా, కానుగల మీద దేశవ్యాప్త పరిశోధనా వేదిక ఏర్పాటు చేసింది. హైదరాబాద్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రీడా వంటివి మేలైన చెట్లను గుర్తించి గింజ, నూనె లక్షణాలు నమోదు చేశాయి. అంటుకట్టిన మొక్క మూడు నాలుగేళ్లకే కాపుకొస్తుందని, తల్లి గుణం చెదరదని ఇప్పుడు ఎవరికీ సందేహం లేదు. అయినా ఒక చెట్టును రెండు కాపు చక్రాల పాటు తూచి చూడాలంటే పదేళ్లు పడుతుంది. అయిదేళ్ల ప్రభుత్వాలు, మూడేళ్ల ప్రాజెక్టులు ఆ పదేళ్లు ఆగలేకపోయాయి.

పంటగా మారిన అడవి మొక్కలు

ఈ నాలుగో వాదానికి చరిత్ర సాక్ష్యం గట్టిగానే ఉంది. అన్నిటికన్నా దగ్గరి ఉదాహరణ మన ఆముదం. సహజంగా అదీ ఏళ్లకొద్దీ బతికే పొదచెట్టే. తెలుగు నేల మీద పాత రకాలు తొమ్మిది నెలలు చేలో నిలిచేవి. 1960ల చివర్లో హెచ్‌సీ-6 అనే రకం గింజలను థర్మల్ న్యూట్రాన్లకు గురిచేసి, అందులోంచి ఏరిన ‘అరుణ’ 270 రోజుల పంటను నాలుగు నెలలకు దించింది. మొక్క పొట్టిదైంది, గెలలు ఇంచుమించు ఒకసారి చేతికొచ్చాయి. అదే దశకంలో గుజరాత్‌లో అమెరికా నుంచి వచ్చిన ఆడ వరుసను ఆధారం చేసుకుని 1968లో జీసీహెచ్-3 సంకరం విడుదలైంది. ఆ తర్వాత గుజరాత్ ఆముదానికి ప్రపంచంలోనే ఎదురులేకుండా పోయింది. అంతకుముందు వందల ఏళ్లుగా పెరట్లో ఉన్న మొక్కే అది. పంట చేసింది ఆ రెండు మూడు దశాబ్దాల ఏరివేత.

ఆయిల్ పామ్ కథలో కీలు ఒకే ఒక్క జన్యువు. మందపు పెంకు ఉన్న డ్యూరా, పెంకే లేని పిసిఫెరా కలిస్తే పల్చటి పెంకుతో టెనెరా వస్తుందని బెల్జియన్ శాస్త్రజ్ఞులు కాంగోలో గుర్తించి 1941లో ప్రకటించారు. గెలలో నూనె వాటా దాంతోనే పెరిగింది. ఆ టెనెరాయే పెదవేగి పరిశోధన కేంద్రం ద్వారా గోదావరి జిల్లాల్లో స్థిరపడింది. 2021లో కేంద్రం 11,040 కోట్లతో ఆయిల్ పామ్ మిషన్ ప్రకటించింది. వేసవిలో చెట్టుకు రోజుకు రెండు వందల లీటర్లకు తక్కువ కాకుండా నీరు కోరే ఈ పంట రొళ్ల దాకా రాదు, రావాలని కోరుకోనూ కూడదు.

హొహోబా ఉదంతం కానుగకు ఇంకా దగ్గరిది. 1970ల మొదట్లో అమెరికా తిమింగలం నూనె దిగుమతి ఆపేశాక దానికి బదులుగా అరిజోనా ఎడారి పొద హొహోబా మీద కన్ను పడింది. అడవి గింజతో వేల ఎకరాలు వేశారు. మొలిచినవాటిలో సగం మగ మొక్కలు, మిగతావి ఎవరి కాపు వారిది. చాలామంది మునిగారు. కొమ్మలతో పెంచిన ఎంపిక మొక్కలు వచ్చాక ఇజ్రాయెల్, అర్జెంటీనాల్లో తోటలు నిలదొక్కుకున్నాయి. నూనె చివరికి చేరింది యంత్రాలకు కాదు, సౌందర్య సాధనాల డబ్బాల్లోకి. మొదట ఊహించిన మార్కెట్టే చివరికి దొరకాలన్న నియమం లేదు.

అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో వెస్ జాక్సన్ 1976లో స్థాపించిన ల్యాండ్ ఇన్‌స్టిట్యూట్ పొద్దుతిరుగుడుకు చుట్టమైన సిల్ఫియం అనే బహువార్షిక మొక్కను నూనెపంటగా మలచే పనిలో ఇప్పటికే చాలా ఏళ్లు గడిపింది. ఇంకా రైతుకు ఇవ్వలేదు. ఆ ఓపిక ఆదర్శమని చెప్పక తప్పదు.

పక్కపక్కన పెట్టి చూస్తే

జట్రోఫాకు ఉత్సాహం ఎక్కువ, వైవిధ్యం తక్కువ, ఏరివేత దాదాపు శూన్యం. హొహోబాకు మొదట ఏరివేత లేక దెబ్బతగిలి, తర్వాత వచ్చి నిలబెట్టింది. ఆముదం, ఆయిల్ పామ్‌లకు ఏరివేత, విత్తనం, కొనేవాడు మూడూ కుదిరాయి. కానుగకు వైవిధ్యం పుష్కలం, అంటు పద్ధతి తెలిసిందే, కొనేవాళ్లు ఉన్నా చిన్నవాళ్లు: సబ్బు, తోలు పరిశ్రమలు, సేంద్రియ సాగుదారులు. ఏళ్ల తరబడి ఒకేచోట పరీక్షించి పేరుతో విడుదల చేసి, రొళ్ల వానకు ఇంత కాస్తుందని నమ్మకంగా చెప్పగల రకమే దానికి లేదు. ఆ ఒక్క లోటు తీరనంతవరకు ఎకరాలకు ఎకరాలు కానుగ తోటలు వేయమనడం రైతుమీద ప్రయోగం చేయడమే. గట్టు మీద చెట్టు విషయం వేరు. అక్కడ పోయేది తక్కువ, వచ్చేది ఆకు, నీడ, గింజ.

తేలనివి

ఆఖరి మలుపు అమెరికా నుంచి వచ్చింది. 2010లో కాలిఫోర్నియాలో మొదలైన టెర్వివా అనే కంపెనీ ఫ్లోరిడాలో తెగులుతో పాడైన నారింజ తోటల్లో, హవాయిలో వదిలేసిన చెరకు నేలల్లో ఎంపిక చేసిన కానుగ నాటింది. చేదు కలిగించే కరంజిన్ వంటివి తీసేసి తినే నూనె, మాంసకృత్తుల పిండి చేయడం దాని ప్రయత్నం. నూనెలో ఓలియిక్ ఆమ్లం ఎక్కువ కాబట్టి గుణంలో అది తక్కువదేమీ కాదు. ఇది నిలబడితే లీటరు నూనె విలువ డీజిల్ ధరకు కట్టుబడి ఉండదు, పైన చెప్పిన కూలి లెక్క మొత్తం తిరగబడుతుంది. వంటనూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకునే దేశానికి అది చిన్న విషయం కాదు. అయితే తరాలుగా మనవాళ్లు తినని నూనెను ఎన్నేళ్ల పరీక్షల తర్వాత వంటింట్లోకి అనుమతించాలన్నది ఆహార భద్రతా నియంత్రణ సంస్థలు తేల్చాల్సిన ప్రశ్న.

దానితో పాటే హక్కుల పేచీ ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం మన చెట్ల జన్యు సంపదతో లాభపడేవారు స్థానికులకు వాటా ఇవ్వాలంటుంది. 2001 మొక్కల రకాలు, రైతు హక్కుల చట్టం రైతు కాపాడిన రకానికి గుర్తింపు ఇస్తుంది. రొళ్ల గెనిమ మీద ఒక చెట్టు ఏటా తప్పకుండా కాస్తోందని తేలి, దాని కొమ్మతో వేల అంట్లు కట్టారనుకుందాం. ఆ వాటా ఎవరికి చేరాలి? పొలం పట్టా ఉన్నవాడికా, కాయ ఏరుకుంటున్న కూలి కుటుంబానికా, పంచాయతీ జీవవైవిధ్య కమిటీకా? ఈ కేసు ఇంకా ఎవరి ముందుకూ రాలేదు గనుక చట్టం మాట అచ్చులోనే ఉంది.

వేళ్ల గురించిన తగాదా కూడా అలాగే ఉంది. కానుగ పక్క వేళ్లు దూరం పాకి వేరుశనగ చాళ్లను ఎండగడతాయని కొందరు, రాలిన ఆకు, నత్రజని ఆ నష్టాన్ని పూడుస్తాయని మరికొందరు. చెట్టుకు ఎన్ని గజాల దాకా పంట తగ్గుతుందో, ఎన్నేళ్ల వయసు చెట్టుకు ఎంత తగ్గుతుందో, ఇక్కడి ఎర్రనేలలో వరసగా పదేళ్లు కొలిస్తే తప్ప తెలియదు. ఖర్చు పెద్దది కాదు. నూనె మిల్లు కట్టే ముందు జరగాల్సిన పని అది. 2024లో 10,103 కోట్లతో ప్రకటించిన నూనెగింజల మిషన్ చెట్ల నూనెలనూ తన పరిధిలోకి తెచ్చుకుంది. అందులో కొలత పనికి ఎంత వాటా దక్కుతుంది, మళ్లీ గుంతలు తవ్వడానికి ఎంత పోతుంది అన్నది ఇప్పుడు చూడాల్సిన అంకె.